సోలాపురం: మిల్లు, మగ్గం, ఇల్లు

కొన్ని పట్టణాలు రాజాజ్ఞతో వెలసినవి. కొన్ని తీర్థాల చుట్టూ పెరిగినవి. సోలాపురంలో కోట ఉన్నది, తీర్థమూ ఉన్నది. అయినా దానిని దేశమంతటికీ పరిచితం చేసినది నూలు. మహారాష్ట్రకు ఆగ్నేయపు అంచున, అనావృష్టి తరచుగా పీడించే పీఠభూమిపై ఈ నగరం నెలకొన్నది. మరాఠీ, కన్నడ, తెలుగు, ఉర్దూ భాషలు నాలుగూ దాని వీధులలో వినిపిస్తవి. ‘షోలాపూర్ దుప్పటి’ పేరు వినని తెలుగు ఇల్లు అరుదు. ఆ దుప్పటిని నేసిన చేతులలో తెలుగు చేతులు అనేకమని తలచినవారు మాత్రం కొద్దిమందే.

1860 ప్రాంతంలో రైలుమార్గం సోలాపురాన్ని చేరినది. చుట్టుపక్కల నల్లరేగడి నేలల ప్రత్తి బొంబాయికి తరలిపోవడానికి అది దారి అయినది. ఆ ప్రత్తిని అక్కడనే వడికి నేయవచ్చునన్న ఆలోచనకూ అదే దారి అయినది. బొంబాయి వర్తకుడు మొరార్జీ గోకుల్‌దాస్ స్థాపించిన నూలు మిల్లు 1877లో పని ఆరంభించినది. తరువాతి కాలంలో అది ‘జునీ మిల్లు’, అనగా పాత మిల్లు, అని పేరుపడినది. శతాబ్దం ముగిసేలోగా లక్ష్మీ మిల్లు, నర్సింగ్‌గిర్జీ మిల్లు వెలసినవి. పిమ్మట విష్ణు మిల్లు వచ్చినది. యంత్రాలు విదేశం నుండి వచ్చినవి, పెట్టుబడి బొంబాయి నుండి వచ్చినది. మనుషులు కరవు పల్లెల నుండి వచ్చినారు.

అట్లా వచ్చినవారిలో నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల పద్మశాలీలు ముఖ్యులు. సీమ నూలు, సీమ గుడ్డ పల్లె మగ్గాన్ని క్రుంగదీసినవి. 1876–78 నాటి మహాక్షామం కొనుగోలుదారునే లేకుండా చేసినది. కరీంనగరం, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నేతవారు తరతరాలుగా పడమటి దారి పట్టినారు. వారు తమ వెంట తెచ్చుకొన్న ఆస్తి పడుగూ పేకల జ్ఞానమే. కొందరు మిల్లులో కూలీలైనారు. పెక్కుమంది నగరపు తూర్పు భాగాన మగ్గాలు నిలుపుకొన్నారు. మిల్లు ఊదిన కూతకు ఒక సగం నగరం మేలుకొనేది; తక్కిన సగం తన ఇంటి మగ్గపు చప్పుడుకే మేలుకొనేది.

ఈ రెండు సగాలకు నడుమ ఒక విచిత్రమైన సంబంధం ఉండినది. మిల్లు వడికిన నూలునే చేమగ్గం నేసేది. మిల్లు మూతపడిన రోజున కూలీ తిరిగి మగ్గం గుంటలోనికి దిగేవాడు. ఇంటి మగ్గానికి గడియారం లేదు, సెలవు లేదు. మగవాడు నాడె విసురుతుండగా భార్య కండెలు చుట్టేది, తల్లి ఆసు పోసేది, పిల్లలు తెగిన పోగులు అతికేవారు. నలుగురి శ్రమకు ఒకరి పేరనే కూలి ముట్టేది. మిల్లు జీతాల పట్టికలో ఎక్కని ఈ శ్రమపైననే నగరం సగం నిలిచినది.

శ్రమను గూర్చిన ఒక పురాతన భావం కూడ ఈ నేలకు ఉన్నది. పన్నెండవ శతాబ్దిలో సొన్నలిగె అనబడిన ఈ ఊరిలో సిద్ధరాముడు ఉండినాడు. ఆయన వచనకర్త, శివశరణుడు. చెరువు త్రవ్వించి, ఊరి చుట్టూ అరువది ఎనిమిది లింగాలను ప్రతిష్ఠించినాడని ప్రసిద్ధి. కాయకమే, అనగా చేతిపనియే, పూజ అని బోధించిన శరణుల కోవలోనివాడు ఆయన. ఏటేటా సంక్రాంతికి సిద్ధేశ్వరుని జాతర జరుగుతుంది. తెల్లని బారాబందీ అంగీలు తొడిగిన భక్తులు ఎత్తైన నందిధ్వజాలను మోస్తూ లింగాలన్నిటినీ దర్శిస్తారు. తనను వరించిన కుమ్మరి కన్యకు సిద్ధరాముడు తన యోగదండంతో వివాహానికి అనుమతించినాడని గాథ. ఆ పెండ్లికి నగరమంతా అక్షతలు చల్లుతుంది. ఒక చేతివృత్తివారి ఇంటి ఆడపడుచు పెండ్లి ఊరంతటి పండుగ కావడం ఆ ఊరికి తగినదే.

వలస వచ్చినవారు ఈ సంప్రదాయం ప్రక్కనే తమ సంప్రదాయాన్ని నిలుపుకొన్నారు. తామరతూడుల నారతో దేవతలకు వస్త్రం నేసిన భావనారుషిని, ఆయన తండ్రి మార్కండేయుని పద్మశాలీలు కులమూలపురుషులుగా కొలుస్తారు. శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయుని రథం సోలాపురం వీధులలో ఊరేగుతుంది. మునిసిపాలిటీ తెలుగు బడులు నడిపినది. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ మాట్లాడుతూ తరాలు గడిచినవి. జొన్నలతో చేసిన కడక్ భాకరీ, వేరుసెనగ చట్నీ అందరి పళ్లెంలోనూ చేరినవి.

ఇట్లా వేరువేరు చోట్ల నుండి కూడిన జనం ఒక్క నగరమై నిలిచిన సందర్భం 1930లో వచ్చినది. మే 5న గాంధీజీని నిర్బంధించిన వార్త విని మిల్లు కార్మికులు వీధులలోనికి వచ్చినారు. 8వ తేదీన పోలీసులు కాల్పులు జరిపినారు. ఆగ్రహించిన జనం పోలీసు ఠాణాలను దగ్ధం చేసినది. కొన్ని దినాలు ప్రభుత్వాధికారం నగరంలో లేకపోయినది. 12న సైనిక శాసనం ప్రకటింపబడినది. మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ శిందే, కుర్బాన్ హుసేన్ అను నలుగురిని 1931 జనవరి 12న ఎరవాడ చెరసాలలో ఉరితీసినారు. ఆ నాలుగు పేర్లలోనే నగరపు కలయిక కనిపిస్తున్నది.

స్వాతంత్ర్యానంతరం మిల్లుల వైభవం నిలువలేదు. పాతబడిన యంత్రాలు, పెరిగిన అప్పులు, మరమగ్గాల పోటీ వాటిని కుదిపినవి. 1960 దశాబ్దం నుండి ఒకటొకటిగా మూతపడి, నూతన శతాబ్దపు తొలి సంవత్సరాల నాటికి పెద్ద మిల్లుల కథ ముగిసినది. నగరం మాత్రం ముగియలేదు. చేమగ్గం చోట మరమగ్గం వచ్చినది; జకార్డు పనితనంతో దుప్పటి, దానితోపాటు టెర్రీ తువాలు కొత్త విపణిని సంపాదించినవి. 2005లో ఈ రెంటికీ భౌగోళిక సూచికగా రక్షణ లభించినది. పేరుకు రక్షణ దొరికినది. నేసేవాని కూలికి అట్టి రక్షణ దొరకలేదు.

మగ్గం ఆదాయం చాలని ఇండ్లలో స్త్రీలు బీడీలు చుట్టినారు. తునికాకు తడిపి, కత్తిరించి, పొగాకు నింపి, దారం కట్టి దినానికి వేయి బీడీలు లెక్కపెట్టి అప్పగించడం వారి వృత్తి. గృహమే కర్మాగారం కనుక వారిని చట్టం చాలకాలం కార్మికులుగా చూడలేదు. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంటివద్ద పనిచేసేవారినీ లెక్కలోనికి తీసుకొన్నది. దశాబ్దాల పోరాటం తరువాత, నరసయ్య ఆడం నాయకత్వాన ఏర్పడిన సహకార యత్నం ఫలించి, 2006లో కుంభారి గ్రామం వద్ద బీడీ కార్మిక స్త్రీలకు పదివేల ఇండ్లు దక్కినవి. ఆ వసతికి గోదావరీ పరులేకర్ పేరు పెట్టినారు. 2024 జనవరిలో అదే గ్రామం వద్ద అసంఘటిత కార్మికుల కొరకు మరి పదునైదు వేల ఇండ్లు అప్పగింపబడినవి.

ఈ చివరి సంగతి సోలాపురం చరిత్రకు తగిన వ్యాఖ్య. మిల్లు పోయిన వేళ నగరాన్ని కాచినది ఇల్లు. ఇంటి ముంగిటిలో మగ్గం నిలిచినది, ఇంటి చూరు క్రింద బీడీ తట్ట నిలిచినది. అద్దె చెల్లించి ఆ ఇంట ఉన్నవారే నగరానికి పెట్టుబడి పెట్టినవారు. అట్టివారి పేర ఇల్లు వ్రాయడానికి నూరేండ్లకు పైగా పట్టినది. కాయకమే పూజ అన్న ఊరిలో, ఆ కాయకానికి న్యాయమైన వెల కట్టడం ఇంకను మిగిలియున్న పని.