రుచి ఎవరిది?

ధరణికోట మట్టిదిబ్బ మీద నిలబడ్డప్పుడల్లా నాకు ఊరి పాత పేరే గుర్తొస్తుంది, ధాన్యకటకం. 1962-64 తవ్వకాల్లో ఇక్కడ పడవల రేవు బయటపడింది. పక్కనే అమరావతి స్తూప శాసనాల్లో దాతలుగా ఎందరో స్త్రీల పేర్లున్నాయి. ధాన్యం పులియబెట్టి పానీయం చేసిన స్త్రీ పేరు మాత్రం నేను చదివిన శాసనాల్లో లేదు. హాలుడి 'గాథాసప్తశతి'లో మధువు తాగిన స్త్రీ ఉంది. అయితే అక్కడ రుచి ఆమెది కాదు. ఎర్రబడ్డ ఆమె ముఖాన్ని చూసేవాడిది.

ఇది మన ఒక్కరి కథే కాదు. సుమారు క్రీ.పూ. 1800 నాటి సుమేరియన్ స్తోత్రం నిన్‌కాసి దేవత బీరు చేసే పద్ధతిని వర్ణిస్తుంది. 14వ శతాబ్దపు ఇంగ్లండులో ఏల్ అనే బీరు కాచి అమ్మినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. హాప్స్ వేసిన బీరు నిల్వ ఉండడంతో వ్యాపారం పెరిగింది, పెట్టుబడి కావలసివచ్చింది, క్రమంగా మగవాళ్ళ చేతికి పోయింది.

ఈమధ్య హైదరాబాదులో ఒక మైక్రోబ్రూవరీలో గోధుమ బీరు రుచి చూశాను. అరటిపండు, లవంగం వాసన. అది ఈస్టు వల్ల వస్తుందని వివరిస్తున్నంతసేపూ వడ్డించినతను మా ఆయన వైపే చూశాడు. అడిగింది నేను!

ఇది రాస్తుంటే దూబగుంట గుర్తురాక మానదు. 1992లో ఆ నెల్లూరు జిల్లా పల్లె స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. వాళ్ళు పోరాడింది కూలి డబ్బుల కోసం, దెబ్బల్లేని రాత్రి కోసం. ఆ పోరాటాన్ని 'ఆడది తాగకూడదు' అనే నీతిగా మార్చిందెవరు? సారా దుకాణం మూయించే హక్కూ, గ్లాసెత్తి రుచి చెప్పే హక్కూ ఒకే స్త్రీవి కావచ్చని ఒప్పుకోవడానికి మనకెందుకింత కష్టం?