మఱుగుపడిన చరిత్ర - కల్పనకు హద్దులు

మానవజాతి పుట్టి దాదాపు 3,00,000 సంవత్సరములైనదని శాస్త్రజ్ఞుల అంచనా. వ్రాత పుట్టి 5,000 సంవత్సరములకు కొంచెము మించినది. అనగా మానవుని కథలో అక్షరములకెక్కినది ఏబదవ వంతునకు లోపే. మిగిలినదంతయు మౌనము. ఆ మౌనమును ఊహతో నింపి, మఱుగుపడిన నాగరికతలను సృష్టించుట వైజ్ఞానిక కథారచయితలకు ప్రియమైన పని. అందు తప్పు లేదు. కాని అట్టి కల్పన నమ్మదగినదిగా నుండవలెనన్న, నిజముగా చరిత్ర ఏ విధమున మఱుగుపడునో ముందుగా తెలియవలెను. అది తెలుపు సాక్ష్యము చోడవరమునకు చేరువనే కలదు.

అనకాపల్లి చెంత శంకరము గ్రామమున బొజ్జన్నకొండ, లింగాలకొండ అను రెండు గుట్టలున్నవి. ఇవి పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనివి. 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినవి. పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండరు రే 1906-1908 నడుమ ఇచ్చట త్రవ్వించగా ఇటుక కట్టడములు, భిక్షువుల నివాసములు, సముద్రగుప్తుని బంగారు నాణెము బయల్పడినవి. లింగాలకొండపై రాతిని మలచిన స్తూపములు వరుసలు తీరి యున్నవి. ఒకప్పుడిది గొప్ప బౌద్ధక్షేత్రము. బౌద్ధులు పోయిరి, బోధన పోయెను, పేరు మాత్రము అరిగి నిలిచెను. సంఘారామమే శంకరమైనదనియు, బుద్ధుడే బొజ్జన్న అయ్యెననియు చెప్పుదురు.

పేరు నిలిచినను అర్థము నిలువలేదు. కనుమ పండుగనాడు చుట్టుపట్ల గ్రామములవారు కొండకు వచ్చి, అచ్చటి బొజ్జవంటి ఆకారమును రాక్షసునిదిగా తలచి రాళ్లు రువ్వుట చిరకాలము ఆచారమై యుండెను. పరిరక్షకుల ప్రయత్నముచే తరువాత అది ఆగినది. ఆ జనులు దుర్మార్గులు కారు. అర్థము తెలియని వస్తువునకు కథ కట్టుట మానవ స్వభావము. కాని ఆ కథ చేతికి రాయినిచ్చెను. ఆధారము లేని చరిత్ర వలన కలుగు నష్టమిట్టిది: అది ఉన్న ఆధారమును గూడ చెరపును.

ప్రళయము వచ్చి పూర్వజులనందఱను తుడిచిపెట్టెనని వ్రాయుట కథకునకు సులభము. నంద్యాల జిల్లాలోని జ్వాలాపురము ఈ విషయమున హెచ్చరిక చేయుచున్నది. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రా ద్వీపమున టోబా అగ్నిపర్వతము బ్రద్దలై, దాని బూడిద సముద్రము దాటి వచ్చి ఇచ్చటి లోయలో మేట వేసెను. రవి కొరిశెట్టరు, మైకేల్ పెట్రాగ్లియా మొదలగు పరిశోధకులు ఆ బూడిద పొరకు క్రిందను, పైనను కూడ రాతి పనిముట్లను కనుగొని, అవి ఒకే తీరుగా నున్నవని 2007లో ప్రకటించిరి. ఆ పనిముట్లు చేసినవారెవరను చర్చ సాగినను, అంతటి ఉత్పాతము గడచిన పిదప గూడ ఆ లోయలో రాతిని చెక్కిన చేతులున్నవి.

విద్వాంసులు సైతము కల్పనకు లోబడిన సందర్భము కలదు. 1864లో ఫిలిప్ స్క్లేటర్ అను జంతుశాస్త్రజ్ఞుడు, లీమరు జాతి జంతువులు మడగాస్కరులోను, వాని బంధువులు భారతదేశములోను ఉండుటకు కారణము వెదకుచు, హిందూ మహాసముద్రమున మునిగిన ఖండమొకటి యుండెనని ఊహించి, దానికి లెమూరియా అని పేరిడెను. మానవజాతి అచ్చటనే పుట్టి యుండవచ్చునని హెకెల్ అనెను. ఖండములే కదలునని ఇరువదవ శతాబ్దమున తేలగా, శాస్త్రము ఆ ఊహను విడిచెను. కథలు మాత్రము విడువలేదు.

కావున మఱుగుపడిన యుగమును కల్పించువాడు మూడు ప్రశ్నలకు సమాధానము సిద్ధపఱచుకొనవలెను. అది ఏల మఱుగుపడెను? ఏమి మిగిలెను? మిగిలినదానిని తరువాతివారు ఏమని పొరబడిరి? తాటాకు చివుకును, కొయ్య కుళ్లును. కాలిన మట్టిపాత్ర పగులునే గాని నశింపదు. మహానగరములుండెనని వ్రాసి ఒక్క పెంకైనను మిగుల్చని కథను పల్లెవాడు సైతము నమ్మడు. ఏలయన దుక్కి దున్నునపుడు పాత పెంకులు నాగటికి తగులుట అతడెఱుగును.

ఊహ చేయుటకు గ్రంథాలయములోని పుస్తకములు చాలును. ఆ ఊహను పరీక్షించుకొనుటకు శంకరము కొండ ఎక్కవలెను. ఈ రెంటిని కలుపగల యువకులు ఈ ప్రాంతమున పెరిగినచో, బొజ్జన్న పేరు మరల అర్థము కోల్పోదు.