లాలాజల రక్షణ, బెహ్‌చెత్ వ్యాధిలో నోటిపూత

నోరు పదేపదే పూస్తుంటే తెలుగిళ్లలో ముందు వినిపించే మాట ‘వేడి చేసింది’. ఆ వెంటనే బి-కాంప్లెక్స్ మాత్ర వేస్తారు. ఇనుము, ఫోలేట్, బి12 తగ్గినప్పుడు నోరు పూయడం నిజమే కనుక మాత్రలతో కొందరికి గుణం కనిపిస్తుంది కూడా. బెహ్‌చెత్ వ్యాధిలో వచ్చే నోటిపూత ఆ కోవలోది కాదు. ఇస్తాంబుల్ చర్మవైద్యుడు హులుసి బెహ్‌చెత్ 1937లో మూడు లక్షణాలను ఒకే జబ్బు కింద చేర్చాడు: తగ్గి మళ్లీ వచ్చే నోటిపుండ్లు, జననాంగాల మీద పుండ్లు, కంటిలోపలి వాపు. గ్రీకు నేత్రవైద్యుడు బెనెడిక్టోస్ అడమాంటియాడెస్ 1931లోనే ఇలాంటి రోగిని వర్ణించాడు కాబట్టి కొన్ని గ్రంథాలు జబ్బుకు ఇద్దరి పేర్లూ పెడతాయి. దీనికి మూలం వైరస్ అని బెహ్‌చెత్ అనుమానించాడు. అది రుజువు కాలేదు. అయినా పుండంటే క్రిమి గెలిచిన చోటు అన్న ఆలోచన వైద్యులను చాలాకాలం వదల్లేదు.

లాలాజలం మీద జరిగిన పరిశోధన ఆ ఆలోచనకే ఊతమిచ్చింది. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ చీమిడి, కన్నీరు, ఉమ్మి వంటి వాటిలో ఉండి బాక్టీరియా గోడను కరిగించే లైసోజైమ్‌ గురించి ప్రకటించాడు. పెనిసిలిన్ కథ ఇంకా మొదలే కాలేదు. 1959లో బెల్జియంలో జోసెఫ్ హెరెమాన్స్ బృందం రక్తం నుంచి ఐజీఏ యాంటీబాడీని వేరుచేసింది. 1963లో అమెరికాలో థామస్ టోమసి, ఆయన సహచరులు లాలాజలంలో ముఖ్యమైన యాంటీబాడీ ఇదేనని చూపారు. రక్తంలో పైచేయి ఐజీజీ అనే మరో యాంటీబాడీది, ఉమ్మిలో ఐజీఏది. అంటే నోటి రక్షణ రక్తం నుంచి ఊరికే కారి వచ్చింది కాదు, చాలావరకు లాలాజల గ్రంథుల దగ్గరే తయారవుతుంది. ఈ ఐజీఏ బాక్టీరియాను చుట్టుకుని అవి పొరకు అంటుకోకుండా చేస్తుంది, ఆ పనిలో పెద్దగా వాపు రగిలించదు. 1988లో హిస్టాటిన్లనే చిన్న ప్రోటీన్లు కాండిడా శిలీంధ్రాన్ని చంపుతాయని తేలింది.

ఇన్ని కాపలాలుంటే, అవి తగ్గినప్పుడే నోరు పూస్తుందనుకోవడం సహజం. సాక్ష్యం అలా లేదు. పుట్టుకతోనే ఐజీఏ లేనివారిలో ఎక్కువమంది ఏ బాధా లేకుండా బతికేస్తారు. వాళ్లలో ఐజీఎం అనే ఇంకో యాంటీబాడీ ఆ లోటు భర్తీ చేస్తుంది కదా, దాన్నిబట్టి ఏం తేల్చగలం అని అడగవచ్చు. ఆ భర్తీని నార్వేకు చెందిన పెర్ బ్రాంట్జాగ్ 1968లో చూపాడు కాబట్టి ప్రశ్న న్యాయమైనదే. అయితే ష్యోగ్రెన్ వ్యాధి చూడండి. 1933లో స్వీడన్ వైద్యుడు హెన్రిక్ ష్యోగ్రెన్ వివరించిన ఈ జబ్బులో గ్రంథులే దెబ్బతిని ఉమ్మి ఊరడమే తగ్గిపోతుంది. అక్కడ ప్రధానంగా కనిపించేవి పళ్లు పుచ్చడం, కాండిడా సోకడం. బెహ్‌చెత్ తరహాలో తిరిగి తిరిగి వచ్చే పుండ్లు ఆ జబ్బుకు ముఖ్య లక్షణం కావు. రక్షణ లోపించిన నోటి జబ్బు ఒక రకం, పూత మరో రకం.

మరి పూతకు కారణం? రక్షణే అతిగా స్పందించడమని చెప్పడానికి గట్టి ఆధారముంది. జపాన్ పరిశోధకులు రోగి ఉమ్మినే సూదితో అతని చర్మంలోకి గుచ్చి చూశారు. అలాగే వాడినప్పుడు చర్మం ఎర్రబారి ఉబ్బింది. సూక్ష్మజీవులను వడకట్టాక ఆ స్పందన చాలావరకు పోయింది. నోట్లో అందరికీ మామూలుగా ఉండే స్ట్రెప్టోకాకస్ జాతులే ఈ రోగుల్లో తెల్లకణాలను రెచ్చగొడుతున్నాయన్నమాట. హెచ్‌ఎల్‌ఏ-బి51 జన్యురూపం ఉన్నవారికి ముప్పు ఎక్కువని 1982 నాటికి తెలిసింది, అది ఉన్నవారిలో అత్యధికులకు జబ్బు రాదన్నదీ నిజమే. పళ్లు శుభ్రం చేయించినా, యాంటీబయాటిక్ ఇచ్చినా పుండ్లు తగ్గుతాయి కదా, ఇది ఇన్‌ఫెక్షనే కాదా అన్నది మరో అభ్యంతరం. ఇన్‌ఫెక్షనే అయితే రోగనిరోధక స్పందనను అణిచే స్టెరాయిడ్లతో ముదరాలి. ఇక్కడ వాటితోనే మానుతున్నాయి. క్రిములు తగ్గితే రెచ్చగొట్టేవి తగ్గుతాయి, అంతే. పొగతాగడం మానినవారికి కొన్నాళ్లు పూత పెరగడం మరో ఆసక్తికరమైన సంగతి. పొగ నోటిపొరను మందంగా చేస్తుందన్నది దానికి ఒక వివరణ (పొగ తాగమని సలహా కాదు).

1990లో అంతర్జాతీయ బృందం రూపొందించిన నిర్ధారణ ప్రమాణాల్లో ఏడాదిలో కనీసం 3 సార్లు నోరు పూయడం తప్పనిసరి షరతు. దానికితోడు మరో రెండు లక్షణాలు ఉండాలి. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ పుండ్లకు అప్రెమిలాస్ట్ మాత్రను ఆమోదించింది. అది లాలాజలంలో ఏ లోటునూ పూడ్చదు. కణాల్లోని పీడీఈ4 ఎంజైమ్‌ను అడ్డుకుని వాపు సంకేతాలను తగ్గిస్తుంది. పరీక్షల్లో మాత్ర ఆపేసిన కొద్ది వారాలకే పుండ్లు మళ్లీ కనిపించాయి.