సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోదే!

నాన్న అంబాసిడర్‌కి ఇంజన్ బోరింగు చేయించి మళ్ళీ బిగించారు. మూడు రోజులైనా స్టార్టవలేదు. సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది, మధ్యమధ్యలో కార్బొరేటర్లోంచి ఓ తుమ్ము, అంతే. "ఆదివారం దాకా చూస్తాను, తర్వాత కాటాకి వేసేస్తాను" అన్నారు నాన్న. ఇంజనీరింగు వెలగబెట్టిన కొడుకుగా నా వంతు టార్చిలైటు పట్టుకోవడం.

అన్నట్టు, మనం 'సెల్ఫ్' అనే ఈ వస్తువు 1912 మోడల్ కాడిలాక్‌లతో జనంలోకొచ్చింది. చేసినవాడు ఛార్లెస్ కెటరింగ్. అంతకుముందు ఎన్‌సీఆర్‌లో (అవును, ఏటీఎంల ఎన్‌సీఆరే) క్యాష్ రిజిస్టర్‌కి కరెంటు మోటారు తగిలించాడు. సొరుగు తెరవడానికి మోటారు క్షణం సేపు బలం చూపిస్తే చాలు. ఇంజన్ని లేపడానికీ అంతే కదా అనుకున్నాడు. అప్పటిదాకా హ్యాండిలే గతి. స్పార్క్ తొందరపడితే అది ఎదురు తన్ని చేతులు విరిగేవి.

బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో స్పార్క్ పుట్టించే పద్ధతీ ఈయనదే, 1910 కాడిలాక్‌లో వచ్చింది. 1957లో మొదలై 2014లో ఆగిపోయిన అంబాసిడర్ చాలా ఏళ్ళు దాని మీదే నడిచింది. మాది బ్రిటిష్ బీఎంసీ వాళ్ళ 1489 సీసీ ఇంజన్.

సరే, మెకానిక్ పెద్దాయన మొదట చూసినవి రెండే: పెట్రోలు వస్తోందా, కరెంటు వస్తోందా. 1888లో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జైమ్ వెళ్తూ చూసుకున్నవీ అవే. పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచిందట, వైరుకి మేజోళ్ళ పట్టీ చుట్టిందట.

మాకు రెండూ వస్తున్నాయి! విప్పి బిగించిన ఇంజన్‌కి మూడో ప్రశ్న ఉంటుంది: కరెంటు ఎప్పుడొస్తోంది?

పిస్టన్ ఒకసారి మండటానికి క్రాంక్ రెండు చుట్లు తిరగాలి. అంటే పిస్టన్ రెండుసార్లు పైకొస్తుంది, ఒకసారి గాలిని నొక్కుతూ, ఇంకోసారి పొగని తోస్తూ. పుల్లీ మీద గుర్తు మాత్రం రెండుసార్లూ ఒకేచోట నిలబడుతుంది. గుర్తుని నమ్మితే సగానికి సగం మోసపోతాం.

పెద్దాయన ఒకటో ప్లగ్గు తీసి, ఆ బెజ్జం మీద నా వేలు పెట్టించి హ్యాండిల్ తిప్పారు. "గాలి తన్నినప్పుడు చెప్పు బాబూ." తన్నింది. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే రోటర్ నాలుగో సిలిండర్ వైపు చూస్తోంది! డిస్ట్రిబ్యూటర్ తప్పుగా కూర్చోదు, దాని నాలుక ఒకేవైపు పడుతుంది. కానీ కింద దాన్ని తిప్పే గేరు సగం చుట్టు తేడాగా పడింది.

మంట వరస 1-3-4-2 కాబట్టి ఒకటికీ నాలుగుకీ, రెండుకీ మూడుకీ వైర్లు మార్చారు. గుప్పున పొగ, రెండో సెల్ఫ్‌కి అందుకుంది. నాన్న కాటా మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇక వదిలేస్తారనుకున్నా (మా ఆఫీసులో అయితే ఈపాటికి రిలీజ్ అయిపోయేది). ఆయన ఇంజన్ ఆపి, డిస్ట్రిబ్యూటర్ ఊడదీసి, గేరు సరిగ్గా కూర్చోబెట్టి, వైర్లు మళ్ళీ మామూలుగా పెట్టారు. ఎందుకండీ అంటే, "రేపు ఇంకెవడో పుస్తకం చూసి వైర్లు సరిచేస్తాడు బాబూ, మీ నాన్నగారు మళ్ళీ రోడ్డు మీద నిలబడాలి" అన్నారు.