రియో రేవులో మరియాలు

రియో డి జనీరో అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది కొండ మీద చేతులు చాచి నిలబడ్డ క్రీస్తు విగ్రహం, సముద్రం, కార్నివాల్లో ఈకలు తొడుక్కుని ఆడే స్త్రీలు. నాకూ అంతే. నేను రియో వెళ్ళలేదు. స్త్రీల యాత్రా రచనల మీద పిహెచ్‌.డి. చేస్తున్న రోజుల్లో, పాత మద్రాసు గురించి ఆడవాళ్ళెవరైనా రాశారా అని వెతుకుతుంటే మరియా గ్రాహమ్ పుస్తకం దొరికింది. 1809 నుంచి 1811 వరకు మన దేశంలో తిరిగిన బ్రిటిష్ స్త్రీ ఆమె. ఆ అనుభవాలని 1812లో అచ్చువేసింది. ఈవిడ తర్వాత ఏమైందా అని వెంటపడితే, పదేళ్ళకి బ్రెజిల్లో కనిపించింది. అలా ఆమె వెనకే నేనూ రియో రేవులో దిగాను.

1808 దాకా బ్రెజిల్ రేవుల్లో పరాయిదేశాల వ్యాపార ఓడలకి ప్రవేశం లేదు. నెపోలియన్ సైన్యానికి భయపడి పోర్చుగల్ రాజకుటుంబం ఆ ఏడు బ్రెజిల్‌కి తరలివచ్చాక రేవులు తెరుచుకున్నాయి. వ్యాపారులు, చిత్రకారులు, శాస్త్రజ్ఞులు వరసగా వచ్చారు. వాళ్ళ రాతలు చదువుతుంటే నాకొక పోలిక కనిపించింది. మొదటి పేజీల్లో గ్వానబారా అఖాతం అందం, షుగర్‌లోఫ్ కొండ, పచ్చదనం. పడవ దిగి వీధిలోకి రాగానే బరువులు మోస్తున్న నల్లమనుషులు. తలమీద పళ్ళతట్ట, వీపున గుడ్డతో కట్టుకున్న బిడ్డ, వీధి వీధీ తిరిగి అమ్ముకునే స్త్రీలు. 1849 లెక్కల ప్రకారం నగరంలో సుమారు రెండు లక్షల జనం ఉంటే, వాళ్ళలో 78 వేలకు పైగా బానిసలే. అంత అందమైన రేవు ఎవరి మెడల మీద నిలబడిందో చూడనట్టు నటించడం ఏ ప్రయాణికుడికీ సాధ్యం కాలేదు.

అయితే చూడటం వేరు, చూసినదానితో ఏంచేశారన్నది వేరు.

మగ ప్రయాణికులు వెళ్ళలేని గదుల్లోకి స్త్రీలు వెళ్ళగలిగారు. స్త్రీల యాత్రా రచనల గురించి మాట్లాడేటప్పుడు మనం గర్వంగా చెప్పే మాట ఇది. నా సిద్ధాంత గ్రంథంలో నేనూ రాశాను. అది నిజమే. కానీ తలుపు దాటి లోపలికి వెళ్ళినంత మాత్రాన చూపు మారిపోతుందా? బొంబాయిలో ఖాజీగారి అంతఃపురానికి వెళ్ళిన గ్రాహమ్‌కి అక్కడి స్త్రీల మాటలు విసుగనిపించాయి. 1821లో రియోకి ముందు బహియాలో ఆగి పొద్దున్నే పోర్చుగీసు కుటుంబాల ఇళ్ళకి వెళ్తే, జుట్టు దువ్వుకోకుండా, వదులు బట్టల్లో ఉన్న ఇల్లాళ్ళని చూసి చీదరించుకుంది. బొంబాయి అయినా, బహియా అయినా గీటురాయి మాత్రం లండన్ డ్రాయింగు రూమే!

అదే గ్రాహమ్ 1823 మే 1న రియోలోని వలోంగో వీధికి వెళ్ళింది. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన మనుషుల్ని అమ్మే వీధి అది. అప్పటికామె వితంతువు. ఓడ కెప్టెనైన భర్త అంతకు ముందు ఏడాది కేప్ హార్న్ దగ్గర సముద్రం మీదే చనిపోయాడు. వలోంగో ఇళ్ళల్లో బెంచీల మీద కూర్చోబెట్టిన పిల్లల్ని చూసింది. చాలామంది చిన్నవాళ్ళు. గుండు గీసిన తలలు, ఎముకలు తేలిన ఒళ్ళు, చర్మం మీద చిడుము మచ్చలు. ఒకచోట సగం తలుపు మీదికి వంగి, నవ్వుతూ పలకరించింది. పిల్లలు లేచొచ్చారు, గెంతారు, నవ్వారు. తన దుఃఖం చూపించి వాళ్ళ దుఃఖాన్ని పెంచకూడదనుకున్నానని ఆమె రాసుకుంది.

మొదటిసారి చదివినప్పుడు ఏడుపొచ్చింది. రెండోసారి కోపమొచ్చింది. ఇంత చూసిన మనిషి సాయంత్రానికి ఎక్కడికి వెళ్ళింది? ఆ ఊళ్ళో విదేశీయుల ఇళ్ళల్లో కూడా నీళ్ళు మోసేది, వంట చేసేది, బట్టలుతికేది బానిసలే కదా! మూడోసారి చదివేటప్పటికి కోపం కూడా పక్కకిపోయి ఒక్క ప్రశ్న మిగిలింది. ఆ పిల్లల పేర్లేమిటి?

అదే ఏడాది ఆగస్టులో గ్రాహమ్‌ని కలవడానికి మరియా కిటేరియా వచ్చింది. మగవేషంలో సైన్యంలో చేరి, బహియాలో పోర్చుగీసు సేనలతో పోరాడి, చక్రవర్తి చేతుల మీదుగా పతకం అందుకున్న యువతి. గ్రాహమ్ ఆమె ఊరు, తండ్రి, ఇల్లు వదిలి వచ్చిన తీరు అన్నీ అడిగి రాసుకుంది. చదువు లేకపోయినా చాలా తెలివైనదని మెచ్చుకుంది. ఆమె బొమ్మ 1824లో వచ్చిన పుస్తకంలో అచ్చయింది. ఈరోజు బ్రెజిల్లో మరియా కిటేరియా చరిత్ర చెప్పేవాళ్ళెవరైనా ఆ పేజీలు తిరగెయ్యాల్సిందే. ఒక స్త్రీ ఇంకో స్త్రీని కూర్చోబెట్టి వివరాలడిగితే ఎంత మిగులుతుందో చూడండి! తర్వాత 1824లో గ్రాహమ్ రాకుమారి మరియా డ గ్లోరియాకి చదువు చెప్పడానికి రాజభవనంలో చేరింది. అక్కడివాళ్ళకి గిట్టక కొద్ది వారాల్లోనే ఆ ఉద్యోగం పోయింది.

రచయిత్రి మరియా, సైనికురాలు మరియా, రాకుమారి మరియా. వలోంగోలో దిగినవాళ్ళలో కూడా మరియాలున్నారు. కాకపోతే అది వాళ్ళమ్మ పెట్టిన పేరు కాదు. బాప్తిజం ఇచ్చేటప్పుడు అంటించిన పేరు. దాని పక్కన ఇంటిపేరు ఉండాల్సినచోట మినా, బెంగ్వెలా, కాంగో అని ఆఫ్రికా తీరం పేరో, రేవు పేరో రాసేవారు. మనిషి ఏ సరుకుల దారిన వచ్చిందో అదే ఆమె వంశం! మిగతా మరియాల జీవితాలకి పుస్తకాల్లో పేజీలున్నాయి. ఈ మరియాలకి చర్చి దస్తరాల్లో ఒక వరస ఉంది.

స్త్రీ కాబట్టి స్త్రీని అర్థం చేసుకుంటుందనే మాట రియోలో అడుగడుగునా తడబడుతుంది. 1832లో కొన్ని నెలలు అక్కడున్న చార్లెస్ డార్విన్, తన ఎదురింటి ముసలావిడ దగ్గర బానిస స్త్రీల వేళ్ళు నలిపే మరలుండేవని రాశాడు. పురుషుడి పెత్తనం కిందున్న ఇల్లాలే ఇంకో ఆడదాని వేళ్ళు నలిపింది. 1846లో ఒంటరిగా లోకం చుట్టడానికి బయల్దేరిన వియన్నా స్త్రీ ఇదా ఫైఫర్ సంగతి చూడండి. నల్లవాళ్ళ వెనకబాటుకి కారణం బుద్ధి లేకపోవడం కాదు, చదువు అందకపోవడం అని గుర్తించింది. ఆ చేత్తోనే, వీళ్ళ బతుకు రష్యా రైతులకన్నా నయమని కూడా రాసేసింది! 1865లో వచ్చిన ఎలిజబెత్ అగాసీ, బ్రెజిల్ స్త్రీలకి చదువూ స్వేచ్ఛా లేవని బాధపడింది. అమెరికాలో స్త్రీల కళాశాల నిలబెట్టిన మనిషి ఆమె. ఆ ఏడే రియోలో ఆమె భర్త లూయీ అగాసీ, తెల్లజాతి గొప్పదని నిరూపించడం కోసం నల్ల స్త్రీపురుషుల్ని వివస్త్రల్ని చేసి ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి ఫొటోలు తీయించాడు. ఆ ఫొటోల్లోని స్త్రీల స్వేచ్ఛ ఎవరి లెక్కలోకి వచ్చింది?

అయినా ఈ పుస్తకాలని పక్కన పడేద్దామని నేననను. పన్నెండేళ్ళు రియోలో ఉన్న ఫ్రెంచి స్త్రీ అదేల్ తుసేన్ సామ్సన్ 1883లో వేసిన పుస్తకంలో ఒక చిన్న సంగతుంది. బయటికి ఏ పనీ చెయ్యనట్టు కనిపించే ఇల్లాళ్ళు లోపల మిఠాయిలు చేయించి, బానిస స్త్రీల చేత వీధుల్లో అమ్మించి, ఆ డబ్బుతో తమ ఖర్చులు గడుపుకునేవారట. వంటింటికీ వీధికీ మధ్య నడిచిన ఈ చిన్న వ్యాపారం మామూలు చరిత్ర పుస్తకాల్లో కనపడదు. తట్ట మోసిన ఆమె రోజుకింత అని యజమానికి కట్టి, మిగిలింది కూడబెట్టుకుని, కొన్నిసార్లు తనని తాను కొనుక్కునేది. ఆ స్త్రీలు ఉత్త బాధితులు కారు. వాళ్ళకీ లెక్కలున్నాయి, పథకాలున్నాయి.

రాతలు కూడా ఉన్నాయి! ఈ ప్రయాణికులంతా రాకముందే, 1725లో ఆరేళ్ళ ఆఫ్రికన్ పిల్లని రియోలో అమ్మారు. పెద్దయ్యాక ఆమె రోసా ఎజిప్సియాకాగా పేరుపడింది. అదే నగరంలో చదవడం, రాయడం నేర్చుకుంది. స్త్రీలకోసం ఒక ఆశ్రమం పెట్టింది. తన దర్శనాల గురించి పెద్ద గ్రంథమే రాసింది. మతవిచారణకి భయపడి అందులో చాలా భాగం తగలబెట్టారు. ఆమెని లిస్బన్ పట్టుకుపోయారు. 1771లో ఆ చెరలోనే చనిపోయింది. చదువు చెబితే వీళ్ళూ నేర్చుకోగలరని ఫైఫర్ రాయడానికి దాదాపు వందేళ్ళ ముందే ఒక నల్ల స్త్రీ పుస్తకం రాసి, దాని మూల్యం కూడా చెల్లించిందన్నమాట.

1811లో కట్టిన వలోంగో రేవులో సుమారు 9 లక్షలమందిని దించారని అంచనా. 1843లో కొత్త మహారాణి దిగడం కోసం దానిమీద ఇంకో రేవు కట్టారు. 1911లో దాన్నీ పూడ్చారు. ఒలింపిక్స్‌కి ముందు నగరాన్ని ముస్తాబు చేస్తూ 2011లో తవ్వితే ఆ పాత రాళ్ళు బయటపడ్డాయి. పూసలు, గవ్వలు, తాయెత్తులు దొరికాయి. 2017లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడికి దగ్గర్లోనే, ఓడ దిగి అమ్ముడుపోకముందే చనిపోయినవాళ్ళని పారేసిన శ్మశానం ఉంది. 1996లో ఎవరో ఇల్లు బాగుచేయించుకుంటుంటే ఎముకలు తేలి అది బయటపడింది. 2017లో అక్కడ సుమారు ఇరవయ్యేళ్ళ యువతి పూర్తి అస్థిపంజరం దొరికింది. పరిశోధకులు ఆమెకి బఖీతా అని పేరుపెట్టారు. మళ్ళీ ఇంకొకరు పెట్టిన పేరే. ఆమె అసలు పేరు ఇక ఏ తవ్వకంలోనూ దొరకదు.

ఈ వ్యాసం రాస్తూ నా పాత నోటు పుస్తకాలు తీశాను. పిహెచ్‌.డి. కోసం గోదావరి జిల్లాలో ఒక పెద్ద రచయిత్రి ఇంట్లో రెండు రోజులు కూర్చున్నాను. ఆవిడ పుట్టిన తేదీ, కథలు అచ్చయిన పత్రికలు, పెళ్ళి, వైధవ్యం, పెరట్లో మామిడిచెట్టుతో సహా అన్నీ ఉన్నాయి. ఆ పేజీల్లోనే నా చేతిరాతలో, “పనామె కాఫీ ఇచ్చింది. ఈమెకి కూడా పాత పాటలు చాలా వచ్చట” అని ఉంది. అంతే. మర్నాడు ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి మేం మాట్లాడుకునేది విన్నదని కూడా రాసుకున్నాను. పేరు లేదు, పాట లేదు.

గ్రాహమ్ మీద కోపం తెచ్చుకున్నదాన్ని నేనే.

రచయిత్రి ఇప్పుడు లేరు. వాళ్ళమ్మాయికి ఫోన్ చేసి, అప్పట్లో మీ ఇంట్లో పనిచేసినావిడ పేరు చెప్తారా అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, “ఎవరి గురించి అడుగుతున్నారండీ? ఆ రెండు మూడేళ్ళలోనే నలుగురు మారారు కదా!” అంది.

నలుగురి పేర్లూ చెప్పమన్నాను. ఇద్దరివి చెప్పగలిగింది. రాసుకున్నాను.