నేల విడిచి సాము తగదు: బౌలింగు బంతి కథ

చెన్నపురి తెలుగువారికి బంతి ఆటలు కొత్తవి కావు. 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, దేశీయులకు క్రికెట్టులో చోటు కల్పించిన బుచ్చిబాబు నాయుడుగారు మనవారే. పిచ్ ఎండి పగుళ్లు విచ్చితే బంతి తిరుగుతుందని చెపాక్ చూచిన మన పిల్లలందరికీ తెలుసు. కాని నేడు మన యువకులు ముచ్చటపడి ఆడే పది పిన్నుల బౌలింగులో ఒక చిక్కు ఉన్నది. అక్కడ నేల గుణం కంటికి ఆనదు. నున్నని బాటపై పలుచగా పూసిన నూనెలో అది దాగి ఉంటుంది.

ఈ నూనె ఎందుకు వచ్చినది? 1895లో న్యూయార్కులో అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ ఏర్పడి ఆటకు ఏకరీతి నిబంధనలు చేసినది. గీత నుండి మొదటి పిన్ను వరకు 60 అడుగులు. వెడల్పు మూడున్నర అడుగులు, అందులో 39 పలకలు. బంతి బరువు 16 పౌనులకు మించరాదు. అంతటి బరువు పగలూ రాత్రీ దొర్లితే కర్ర అరిగిపోదా? దానిని కాపాడడానికే నూనె పూసినారు. కాపలాకు వచ్చినది కాలక్రమాన యజమానియై కూర్చున్నది!

నూనె ఉన్నంత మేర బంతి జారుతుంది. పొడి చోటికి రాగానే పట్టు దొరికి వంపు తిరుగుతుంది. సాధారణంగా మొదటి 40 అడుగుల వరకు నూనె, ఆపైన పొడి. నడుమ దట్టం, అంచుల పలుచన. సూటిగా తాకిన బంతి కన్న, వాలుగా వచ్చి మొదటి పిన్ను ప్రక్క సందున దూరిన బంతి ఎక్కువ పిన్నులను కూలుస్తుంది. అందుకే ఆ వంపు కోసం ఇంత ఆరాటం.

మొదట గట్టి కర్ర బంతులు ఉండేవి. 1905లో రబ్బరు బంతి వచ్చినది. 1960 ప్రాంతాన ప్లాస్టిక్ బంతి వచ్చినది. 1973లో డాన్ మెక్యూన్ అనే అమెరికా ఆటగాడు ప్లాస్టిక్ బంతిని రసాయనంలో నానబెట్టి, పైపొరను మెత్తబరచి, ఆ ఒక్క ఏడే ఆరు పోటీలు గెలిచినాడు. అప్పటికి అది నిషిద్ధం కాదు. తరువాత కొద్ది ఏండ్లలోనే మెత్తదనానికి హద్దు విధించినారు. 1980 దశకంలో యురెథేన్, 1990 తొలి ఏండ్లలో రియాక్టివ్ రెసిన్ వచ్చినవి. బంతి పట్టు పెంచుకొన్న కొద్దీ బాటపై నూనె కూడా పెరిగినది. ఈ పందెం నేటికీ ముగియలేదు.

ఇక ఎంపిక మాట. నూనె దట్టమైతే, ఉప్పుకాగితం వంటిదానితో గరుకు చేసిన రెసిన్ బంతి మేలు. నూనె పలుచనైతే మెరుగు పెట్టిన బంతిగాని, యురెథేన్ బంతిగాని చాలు. ఒంటరిగా మిగిలిన పిన్నుకు సూటిగా పోయే గట్టి ప్లాస్టిక్ బంతియే నమ్మకం. లోపలి బరువుదిమ్మెకు వేలి రంధ్రాలు ఎంత దూరాన పడినవో దానినిబట్టి కూడా వంపు మారుతుంది. కాబట్టి చేయి కొలిపించి, తెలిసినవారి చేత తొలిపించాలి. ఆట సాగిన కొద్దీ బంతులే నూనెను తుడుచుకొని పోతాయి. అప్పుడు కుడిచేతి ఆటగాడు రెండు మూడు పలకలు ఎడమకు జరిగి నిలుస్తాడు.

1978 బ్యాంకాకు ఏషియా క్రీడలలో ఈ ఆటకు స్థానం దొరికినది. మన తమిళనాడు ఆటగాడు షబ్బీర్ ధన్‌కోట్ పలుమార్లు జాతీయ విజేత అయినాడు. ఆ దారిన నడవాలనే పిల్లలు మన ఇండ్లలోనూ ఉండవచ్చు. తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఖరీదైన బంతి కొనిపెట్టడానికి తొందరపడకండి. శాలలో ఇచ్చే సామాన్యపు బంతితోనే, అది ఎక్కడ జారినది, ఎక్కడ మలిగినది అని చూడడం ముందు నేర్వనివ్వండి. చూపు కుదిరిన పిల్లవానికి మంచి బంతి బలమవుతుంది. చూపు లేనివానికి అది బరువే.

మన పెద్దలు ఈ పట్నానికి వచ్చినప్పుడు ముందు ఇక్కడి నేలను ఎరిగి, పిదప కాలు మోపినారు. ఆ తెలివి ఆటలోనూ పనికివస్తుంది.