బ్రిస్టలులో పుట్టిన రెండు ప్రశ్నలు

రాగి తీగలో విద్యుత్తు పారును, పింగాణిలో పారదు. ఇది మనమందరము బడిలో చదువుకొన్నదే. కాని ఒకే పదార్థము చల్లగా ఉన్నప్పుడు బంధకముగాను, కొంత వేడి తగులగానే లోహముగాను మారునన్నచో పలువురు నమ్మరు. అట్టి ఆక్సైడులు కలవు. అవి మనుష్యుని చెప్పుచేతలలోనికి ఎట్లు వచ్చినవో ఈ ఉగాది సంచిక చదువరులకు మాకు తెలిసినంతలో విన్నవించుచున్నాము.

1937లో ఇంగ్లండులోని బ్రిస్టలున శాస్త్రజ్ఞుల సమావేశము జరిగినది. హాలండు దేశస్థులు డి బూర్, వెర్వే అనువారు అక్కడ ఒక చిక్కు ముందుంచినారు. అప్పటి సిద్ధాంతము ప్రకారము నికెలు ఆక్సైడు లోహము కావలెను. చేతిలోని ముక్క చూడబోతే పక్కా బంధకము. ముక్క తప్పు కాజాలదు గదా! అక్కడి ఆచార్యుడు నెవిల్ మాట్ ఈ చిక్కును విడిచిపెట్టలేదు. 1949లో ఆయన చెప్పిన సమాధానము స్థూలముగా ఇది: ఎలక్ట్రానులు ఒకదానినొకటి దూరముగా నెట్టుకొనును. పరమాణువులు ఎడమెడముగా ఉన్నప్పుడు ప్రతి ఎలక్ట్రాను తన ఇంటనే కూర్చుండును. పరమాణువులు దగ్గరకు జరిగినచో అన్నియు ఒక్కసారిగా కదలి పారును. అంతయు ఆ ఎడములోనే ఉన్నది. 1977లో ఆయనకు మరి ఇద్దరితోపాటు నోబెల్ బహుమానము వచ్చినది.

అదే 1949లో, అదే బ్రిస్టలు విశ్వవిద్యాలయమున, ఫ్రాంక్, వాన్ డర్ మెర్వే అనువారు వేరొక లెక్క ప్రకటించిరి. ఒక స్ఫటికముపై మరొక పదార్థమును పలుచగా పెంచినప్పుడు, రెండింటి పరమాణువుల ఎడములు సరిపోకున్నచో ఏమగును? మా రైల్వేలో గేజి కుదరని పెట్టె ఆ పట్టాలమీద నడువదు. స్ఫటికము అట్లు కాదు. తేడా కొద్దిగా ఉన్నచో, క్రింది పట్టాల కొలతకు పైపొర తానే సాగియో కుదించుకొనియో ఒదుగును.

ఒకరు ఎడము మారినచో లోహమగునన్నారు, వేరొకరు ఎడమును మార్చు ఉపాయము చూపినారు. ఇద్దరిదీ ఒకే ఊరు. అయినను ఈ రెండును కలియుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టినది. మా అభిప్రాయమున కొరత బుద్ధిది కాదు, పనిముట్లది.

నడుమ 1959లో అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలలో మోరిన్ అను ఆయన వెనేడియం ఆక్సైడులను పరీక్షించినారు. వాటిలో వెనేడియం డయాక్సైడు మన కథకు ముఖ్యము. సుమారు 68 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, అనగా వేడి కాఫీపాటి వేడికి, ఇది బంధకమునుండి లోహమగును. మంచి స్ఫటికములో విద్యుద్వాహకత వేలరెట్లు, ఒక్కొక్కప్పుడు లక్షరెట్ల వరకు పెరుగును. చల్లనివేళ వెనేడియం పరమాణువులు జంటలు కట్టును. వేడెక్కగానే జంటలు విడి సమదూరమున నిలుచును. ఈ జంటలే మార్పుకు మూలమని కొందరు, మాట్ చెప్పిన నెట్టుడే మూలమని కొందరు చాలాకాలము తగవులాడిరి. రెండును కలిసియే పనిచేయునని ఇప్పుడు పలువురి మాట. ఇంకొక బాధయు కలదు. గడ్డ స్ఫటికము పలుమార్లు ఇటునటు మారినచో పగులును. పలుచని పొర ఆ దెబ్బకు తట్టుకొనును.

1987లో బెల్‌కోర్ సంస్థలో వెంకటేశన్ మొదలగువారు లేసరు దెబ్బతో ఆక్సైడును ఆవిరిచేసి పలుచని పొరగా దింపి చూపినారు. ఆయన మన దేశమున చదువుకొన్నవారే. పనిముట్టు అట్లు చేతికి వచ్చినది.

2002లో టోక్యో విశ్వవిద్యాలయమునకు చెందిన మురావొకా, హిరోయి ఇదే పద్ధతితో టైటానియం డయాక్సైడు పలకలపై వెనేడియం డయాక్సైడు పొరలు పెంచిరి. పొర మందము సెంటీమీటరులో పదిలక్షవ వంతుకు కొంచెము ఎక్కువ. పలకను ఒక దిక్కున కోసినప్పుడు పొర అడ్డముగా నూటికి ఒక పాలు లోపుగా సాగి, వెనేడియం వరుసలలోని ఎడము తగ్గినది. మార్పు 27 డిగ్రీలకే జరిగినది. మరొక దిక్కున కోసిన పలకపై అదే ఎడము సాగినది. మార్పు 96 డిగ్రీలకు పోయినది. మందు కలుపలేదు, మాయ చేయలేదు. పదార్థము అదే, పలక అదే, కోత మాత్రమే వేరు!

27 డిగ్రీలనగా మన గది వేడి. ఎండ వేడిని వెనుకకు కొట్టు కిటికీ అద్దములకు ఇది పనికివచ్చునని తోచును. కాని కిటికీ గాజు స్ఫటికము కాదు. దానిలో పట్టాలవంటి వరుసలు లేవు, కనుక పొర ఒదుగుటకు కొలత లేదు. అక్కడ టంగ్‌స్టన్ కలిపి మార్పు వేడిని దించుచున్నారు. కలిపినకొద్దీ మార్పు మొద్దుబారును. ఒత్తిడి ఉపాయము ముఖ్యముగా విద్యుత్ మీటల పరిశోధనకే పనికివచ్చుచున్నది. అక్కడను పొరను పలుచగానే ఉంచవలెను. మందము పెంచినచో వరుసలు తప్పి, పగుళ్ళుపడి, ఒత్తిడి సడలి, మార్పు మరల 68 వైపునకే జరుగును.